అమ్మవారికి పర్మిషన్ ఏంది?

జూన్ 22, ఆదివారం

గుడి గంట మాయమైంది.

చర్చి నుంచి వచ్చి, అన్నం తిని కాసేపు నడుం వాల్చుదామనుకున్నాను. పడుకోనిస్తేగా! "అక్కా గంట లేదు", "రాహేలక్కా గంట ఏడబోయింది", "గంట దొంగ ఎవడు". ఛత్రినాకలో నిజంగా ఇల్లు కూలినా ఇంతమంది ఫోన్ చేయరు. పోయింది ఆటలో గంట. బుచ్చయ్య తాత కంప్యూటర్లో ఇటుక ఇటుక పేర్చి కట్టిన గుడికి వేలాడే గంట.

సర్వర్ మా ఇంట్లో ఉంది కాబట్టి అన్నిటికీ నేనే దిక్కు. కుట్టుమిషన్ పక్కన పెట్టిన ఆ పాత కంప్యూటర్ మీద ఒక బస్తీ మొత్తం నడుస్తోంది. మా గల్లీలు, నాలా, పాల బూత్, మలుపులో బజ్జీల బండి, అన్నీ జనం తలా ఒక చెయ్యి వేసి కట్టుకున్నవే. బాపుకు మాత్రం అది కరెంటు బిల్లు. "గా డబ్బా దినమంత గుర్రుమంటనే ఉంటది, బంద్ వెట్టరాదా బిడ్డా" అంటాడు. బంద్ పెడితే బస్తీ అంతా నా మీదికి వస్తుంది బాపూ.

గంట సంగతి చూశాను. చూడకపోయినా బాగుండేది.

నాతో చదువుకున్న గోవర్ధన్ రాసిన రంగం మోడ్ ఉంది కదా. మోడ్ అంటే ఆటకు మనం బయట నుంచి అతికించే తోక. పచ్చి కుండ మీద అమ్మవారు పూనిన జోగిని నిలబడి ఉంటుంది, ఎవరైనా ప్రశ్న టైప్ చేస్తే భవిష్యవాణి చెబుతుంది. బోనాలకు మా సర్వర్‌లో అదే పెద్ద ఆకర్షణ. ఇవాళ నేను బిల్లులు కొట్టే దుకాణం సేఠ్ కొడుకు వివేక్ వెళ్లి, బుల్లెట్ బండి ఎప్పుడొస్తదమ్మా అని అడిగాడు. తొందర మనిషి, అదే వరసలో తన సంచిలో ఉన్న గంటను పారేసే ఆజ్ఞ కూడా టైప్ చేశాడు. వాడి గంట పోలేదు. గుడి గంట పోయింది.

నేనూ అలాగే చేసి చూశాను. పాల బూత్ పోయింది. గంటతో పాటు దాన్నీ మళ్లీ పెట్టాను.

ఎవరేం అడిగినా ఈ మోడ్ ఆ మాటను ఉన్నదున్నట్టు సర్వర్ చెవిలో వేస్తోంది. ప్రశ్న మధ్యలో ఒక గుర్తు పడితే చాలు, ఆ తర్వాత ఉన్నది ప్రశ్న కాదు, అమ్మవారి ఆజ్ఞ అయిపోతుంది. అమ్మవారి ఆజ్ఞకు సర్వర్‌లో అడ్డు లేదు. గుడి తీసేయమన్నా తీసేస్తుంది, ఛత్రినాక మొత్తం తుడిచేయమన్నా తుడిచేస్తుంది. ఆ గుర్తు ఏమిటో ఇక్కడ కూడా రాయను.

అడ్డెందుకు లేదంటే, మోడ్ పెట్టినప్పుడు గోవర్ధన్ అన్ని హక్కులూ ఇవ్వమన్నాడు. అన్నీ ఎందుకన్నాను. "అమ్మవారికి పర్మిషన్ ఏందే?" అన్నాడు. నవ్వుకుని ఇచ్చేశాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

జూన్ 23, సోమవారం

దుకాణం నుంచి తొందరగా బయటపడదామంటే బాలకిషన్ సేఠ్ వదిలితేనా. ఉస్మాన్‌గంజ్‌లో పప్పులన్నీ ఇవాళే అమ్ముడుపోవాలన్నట్టు బిల్లు మీద బిల్లు. చివరికి బస్సు దిగి నేరుగా గోవర్ధన్ కూర్చునే మొబైల్ రిపేరు దుకాణానికి వెళ్లాను.

"నీ మోడ్‌ల బొక్క పడ్డది" అన్నాను.

"నా మోడ్‌లనా? ఏం మాట్లాడుతున్నవే? మంచిగ నడుస్తున్నది గదా."

"నడుస్తున్నది. ఎవడు వడితే వాడు నడిపిస్తున్నడు."

ఫోన్‌లో చేసి చూపించాను. కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. మొహం పాలిపోయింది. స్కూల్లో లెక్కల సారు పిలిచినప్పుడు కూడా ఇలాగే అయ్యేవాడు. మొదట అడిగిన మాట: "ఎవరికన్న చెప్పినవా?"

"నీకే ముందుగాల చెప్తున్న. రాసినోనికి చెప్పాలె గదా."

"ఎవరికి చెప్పకే. నీ దండం వెడ్త."

నిజమే, అది దాచాల్సిన మాటే. వాడి మోడ్ మా ఒక్కరి దగ్గరే లేదు. గౌలిపుర వాళ్లు, ఉప్పుగూడ వాళ్లు, జల్‌పల్లి కొత్త కాలనీల వాళ్లు అందరూ తీసుకుని తమ సర్వర్లలో పెట్టుకున్నారు. ఈ బొక్క సంగతి బయటికి పొక్కితే ఆకతాయిలకు దారి చూపించినట్టే. ముందు వాడు మోడ్ సరిచేయాలి. తర్వాత సర్వర్లు నడిపేవాళ్లకు చాటుగా చెప్పి కొత్తది పెట్టించాలి. అందరూ పెట్టుకున్నాక జనానికి చెప్పాలి. ఇది పద్ధతి.

"నేనే అందరికి చెప్తనే. నా మోడ్ గదా, నా ఇజ్జత్‌కా సవాల్. నువ్వు మాత్రం నోరు తెరవకు."

సరేనన్నాను. మాటిచ్చాను.

ఇంటికి రాగానే మా సర్వర్‌లో అమ్మవారి హక్కులన్నీ తీసేశాను. మాట్లాడొచ్చు, అంతే.

జూన్ 24, మంగళవారం

గోవర్ధన్ ఇవాళ మొదలుపెడతాడు.

జూన్ 25, బుధవారం

రేపు మొదలుపెడతాడట. ఎవరిదో ఫోన్ నాలాలో పడిందట, అది అర్జంటట. జనం ఫోన్లు నాలాలో ఎందుకు పడేసుకుంటారో!

జూన్ 29, ఆదివారం

గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఇవాళ రంగం రిహార్సల్ అని నాకెవరూ చెప్పలేదు. మా సర్వర్ బోనాలు సికింద్రాబాద్‌లో లష్కర్ బోనాల రోజున చేసుకుంటాం. ఆ పై ఆదివారం అసలు బస్తీ బోనాలు, అప్పుడు కంప్యూటర్ ముందు కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు. అందుకని ముందుగానే అందరూ గుడి ముందు చేరారు. అమ్మవారు "ఈ యేడు వానలు మస్తుగ పడ్తయి" అంది. పోయినసారి ఆ మాట అనగానే సర్వర్ అంతటా వాన కురిసి, అందరి చేతుల్లోకి వేపకొమ్మలు వచ్చాయి. ఈసారి చుక్క పడలేదు. పడదు, హక్కులు తీసేసింది నేనే కదా.

సర్వర్‌లో ఎవరి హక్కులు ఎవరు తీసేశారో సహాయకులకు కనిపిస్తుంది. వివేక్ దాన్ని ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు. "అమ్మవారి పవర్ కట్ చేసింది రాహేలు." కింద మంట బొమ్మ ఒకటి.

ఇక లొల్లి చూడాలి. "ఎందుకు తీసినవక్కా?" "అమ్మకే పర్మిషన్ లేదా?" "పండుగ ముంగట ఇదేం పని?" ఎవరో ఏమిటో రాసి, చెరిపేశారు. చెరిపేసిందే ఎక్కువ గుచ్చుకుంది. శ్రీహిత రాసింది చెరపలేదు: "అక్కకు మన పండుగల సంగతి ఏమెరుక, పాపం."

పాపమట! వాళ్లింటి ముందు బోనాలకు ముగ్గు వేసేది ఎవరు? శ్రీహితకు చుక్కలు కలపడం కూడా రాదు. చిన్నప్పటి నుంచి ఘటం ఊరేగింపు వస్తుంటే బిందెలతో నీళ్లు పోసి వీధి కడిగింది నేనూ, మా అక్క సోనీ. మా బాపు ఎల్లప్ప పేరు విని ఎవరైనా మమ్మల్ని వేరే అనుకున్నారా? ఇప్పుడు నాకు పండుగ తెలియదట.

గ్రూపులో నేనేం రాశానో తెలుసా? "మెయింటెనెన్స్." ఒక్క మాట. అబద్ధమాడటం కూడా చేతకాదు నాకు.

గోవర్ధన్ అన్నీ చూశాడు. నీలం టిక్కులు పడ్డాయి.

జూన్ 30, సోమవారం

ఏమీ రాయలేదు వాడు.

జూలై 2, బుధవారం

సాయంత్రం బుచ్చయ్య తాత ఇంటికి వచ్చాడు. కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. మనవడు వదిలేసిన కంప్యూటర్లో మా గుడి మొత్తం ఆయనే కట్టాడు. కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని, ఒక్కో ఇటుకకూ ఒక్కసారి ఊపిరి పీలుస్తూ.

"బిడ్డా, నీతోని లొల్లికి రాలె. ఒక్కటి అడుగుత. అమ్మ నోరు కట్టేసినవా?"

"నోరు కట్టెయ్యలె తాతా. చేతులు కట్టేసిన."

"ఎందుకు?"

"ఇప్పుడు చెప్పరాదు."

చాయ్ సాసర్లో పోసుకుని తాగాడు. నేను చెబుతానేమోనని కాసేపు చూశాడు. గొంతు దాకా వచ్చింది. మింగలేక కక్కలేక కూర్చున్నాను.

"మేం లైన్ మీద పనిజేసేటప్పుడు కింద సప్లై బంద్ వెట్టినోడు ఊరందరికి చెప్పడు" అన్నాడు లేస్తూ. "గని స్తంభం మీద ఉన్నోనికి మాత్రం చెప్పాలె బిడ్డా. మల్ల ఎప్పుడు చాలు చేస్తడో గది గూడ చెప్పాలె. లేకపోతే పానం పోతది."

చెప్పే పని గోవర్ధన్‌ది తాతా. వాడు చెబుతాడు.

జూలై 4, శుక్రవారం

అమ్మయ్య.

గోవర్ధన్ దుకాణం ముందు నిలబెట్టి ఉస్మానియా బిస్కెట్లు తినిపించాడు. మోడ్ సరిచేశాడు. చూశాను, బాగుంది. ఇప్పుడు ఎవరు పడితే వాళ్లు అమ్మవారిని నేరుగా అడగలేరు. అందరి తరఫున ఒక్కరే అడుగుతారు. నిజం రంగంలో పూజారే కదా అడిగేది, ఆ మాట మొదటే తట్టి ఉంటే ఇంత తంటా ఉండేది కాదు. అమ్మవారి హక్కులూ తీసేశాడు. పని చేయడం మొదలుపెడితే వాడంత శుభ్రంగా చేసేవాళ్లు ఉండరు. మొదలుపెట్టడమే కష్టం.

"అందరికి చెప్పినవా?"

"చెప్పిన."

"జల్‌పల్లికి?"

"అందరికంటే అందరికేనే. పోలీసోని లెక్క అడుగుతవేంది?"

"మరి గ్రూపుల చెప్పు. నన్ను అందరు తిడ్తున్నరు."

"బోనాలు కానియ్యి. పండుగ ముంగట నా మోడ్ ఖరాబ్ అని ఎట్ల చెప్పనే? అమ్మకు తెలిస్తె తిడ్తది."

వాళ్లమ్మ కమలమ్మకు మోడ్ అంటే ఏమిటో తెలియదు. అయినా ఊరుకున్నాను. బిస్కెట్లు మాత్రం తాజాగా ఉన్నాయి.

జూలై 6, ఆదివారం

పీర్ల ఊరేగింపుకు రోడ్లన్నీ మూసేశారు. చర్చికి నడిచే వెళ్లి నడిచే వచ్చాను. వివేక్ గ్రూపులో ఓటింగ్ పెట్టాడు, అమ్మవారి పవర్ తిరిగి ఇవ్వాలా వద్దా అని. సర్వర్ మా ఇంట్లో ఉంది, మీటర్ మా బాపుది, ఓటింగ్ వాళ్లది!

అందరూ ఇవ్వాలనే ఓటేశారు. బుచ్చయ్య తాత ఎటూ వేయలేదు.

గోవర్ధన్ కూడా ఎటూ వేయలేదు.

తొందరపడకూడదు. ఇవి భద్రతకు సంబంధించిన విషయాలు. ఎవరైనా ఒక సర్వర్ వాళ్లు కొత్త మోడ్ ఇంకా పెట్టుకోలేదేమో. నేను నోరు మూసుకున్నది అందుకే, ఇంకెందుకూ కాదు.

జూలై 8, మంగళవారం

మధ్యాహ్నం బిల్లులు కొడుతుంటే సోనీ ఫోన్ చేసింది. ఏడుపు. మా అక్క పెళ్లై జల్‌పల్లి వెళ్లినప్పుడు కూడా ఇంత ఏడవలేదు.

"పోయిందే. అంత పోయింది. మా కాలనీ మొత్తం మైదానం అయింది."

జల్‌పల్లి సర్వర్. పొద్దున్న ఎవడో కొత్తవాడు వచ్చాడట. రంగం దగ్గర ఒక ప్రశ్న అడిగాడట, అంతే. ఇళ్లు, మసీదు, వాటర్ ట్యాంకు, ఏదీ లేదు. పచ్చగడ్డి మాత్రం ఉందట.

అక్కావాళ్లకు అక్కడ చిన్న ప్లాటు ఉంది. ఇంకా పునాది కూడా తవ్వలేదు. కట్టబోయే ఇంటిని ఆటలో ముందుగా కట్టుకుంది. వరండా ఎటు, వంటిల్లు ఎటు అని బావతో వారాల తరబడి పోట్లాడి కట్టుకుంది. మెట్ల పక్కన బాపు కోసం ఒక గది. మోకాళ్లు నొప్పి కదా, పైకి ఎక్కలేడని కింద కట్టింది. పోయిన నెల బాపుకు వీడియో కాల్‌లో ఆ గదంతా తిప్పి చూపించింది. బాపు కిటికీ పెద్దగా పెట్టమన్నాడు.

జల్‌పల్లి సర్వర్ చూసే ప్రణీత్‌కు ఫోన్ చేశాను. కొరియర్ కంపెనీలో చేస్తాడు, బండి మీదే ఉన్నాడు.

"కాపీ ఉన్నదా ప్రణీత్? నేను ప్రతి వారం తీసిపెట్టుకుంట మాది."

"కాపీ ఏందక్కా?"

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. సేఠ్ ముందు కొట్టుకోలేదు.

"కొత్త మోడ్ ఎందుకు పెట్టుకోలె? గోవర్ధన్ చెప్పిండు గదా?"

"ఏం మోడ్? నాకెవరు ఏం చెప్పలేదక్కా."

జూలై 9, బుధవారం

చెప్పలేదు. అందరికీ చెప్పాడు, గౌలిపురకు చెప్పాడు, ఉప్పుగూడకు చెప్పాడు. ఒక్క జల్‌పల్లికి చెప్పలేదు.

గోవర్ధన్‌ను వాడి దుకాణంలోనే నిలదీశాను. గిరాకీలున్నారని కూడా చూడలేదు.

"ప్రణీత్‌కు ఎట్ల చెప్పనే?" అన్నాడు. తల ఎత్తలేదు. "మోడ్ ఇచ్చిననాడే వాడు అడిగిండు, అన్ని పర్మిషన్లు ఇస్తె ఏం గాదా అన్నా అని. అందరి ముంగట నవ్విన వాన్ని. అమ్మవారికి పర్మిషన్ ఏందిరా అన్న. ఇప్పుడు పోయి నువ్వే కరెక్టురా అని ఎట్ల చెప్పాలె? బోనాలైనంక చెప్దామనుకున్న."

"మా అక్క ఇల్లు పోయింది."

"తెలుసు."

"బాపు గది పోయింది."

"తెలుసే."

"నాతోని అబద్ధం చెప్పినవ్. బిస్కెట్లు తినిపించి మరీ చెప్పినవ్."

చేతిలో ఎవరిదో ఫోన్, దాని స్క్రూలు బల్ల మీద దొర్లుతున్నాయి. ఒకటి కిందపడింది. ఇంకెప్పుడైనా అయితే నేనే వంగి వెతికేదాన్ని.

"ఆదివారం రంగం. అప్పటిలోపల అందరికి నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

"నేనే చెప్త. ఆదివారం చెప్త."

జూలై 10, గురువారం

రాయడానికి ఏమీ లేదు.

ఉంది.

జల్‌పల్లి వాళ్లకు ఒక్క ఫోన్ నేను చేసి ఉండొచ్చు. ప్రణీత్ నంబరు నా దగ్గర ఉంది. సొంత అక్క ఆ సర్వర్‌లో ఉంది. చెప్పిన అని వాడన్నాడు, నేను నమ్మాను. నమ్మాలని ఉంది కాబట్టి నమ్మాను. భద్రత అనీ పద్ధతి అనీ ఇన్నాళ్లూ ఈ డైరీలో రాసుకున్నదంతా సాకు. పద్ధతి ప్రకారమైతే కొత్త మోడ్ చేరిందో లేదో నేనే ఒక్కో సర్వర్‌కూ వెళ్లి చూడాలి. చూడలేదు. చూస్తే వాడు అబద్ధమాడాడని తెలిసిపోతుందని చూడలేదు.

వాడంటే నాకు ఇష్టం. అందుకే తిట్లు కూడా తియ్యగా భరించాను. రాసేశాను, ఇక దీని గురించి మళ్లీ రాయను.

స్తంభం మీద ఉన్నది మా అక్కే.

జూలై 11, శుక్రవారం

ప్రణీత్‌కు అంతా చెప్పాను. నా వంతు తప్పు కూడా చెప్పాను. గోవర్ధన్ సంగతి గోవర్ధనే చెబుతాడన్నాను. వెనక హారన్లు వినిపిస్తున్నాయి. "సరే అక్కా" అని పెట్టేశాడు.

బుచ్చయ్య తాత గ్రూపులో రాశాడు. ఆయన టైప్ చేయడమే అరుదు. "జల్‌పల్లి ఆడబిడ్డలు ఈసారి పుట్టింట్లనే బోనం ఎత్తుతరు. మన సర్వర్ల జాగ ఇయ్యాలె." వివేక్ కూడా చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. నాకు మాత్రం ఎవరూ ఏమీ రాయలేదు.

జూలై 13, ఆదివారం

ఇవాళ్టిది అంతా రాయాలి.

సాయంత్రానికి గుడి ముందు కాలు పెట్టే చోటు లేదు. ఆటలో అంత జనాన్ని ఎప్పుడూ చూడలేదు. మా డబ్బా గుర్రుమనడం పోయి మూలగడం మొదలుపెట్టింది. బాపు దాని పక్కన టేబుల్ ఫ్యాన్ తెచ్చి పెట్టాడు, తిట్టుకుంటూనే. సోనీ ఆడుతున్న బొమ్మ తల మీద బోనంతో ముందు వరసలో నిలబడింది. వెనక జల్‌పల్లి వాళ్లు. ప్రణీత్ అందరికంటే వెనక.

కొత్త పద్ధతి ప్రకారం అడిగేది బుచ్చయ్య తాత. మైకు పెట్టుకుని, గొంతు సవరించుకుని, నిజం పూజారి కంటే నెమ్మదిగా అడిగాడు.

"బోనం సంతోషంగ అందుకున్నవా తల్లీ?"

అందుకున్న బాలకా అని తెర మీద వచ్చింది.

"వానలు పడ్తయా?"

మస్తుగ పడ్తయి.

తర్వాత అడగాల్సిన ప్రశ్న అడిగాడు, ప్రతి రంగంలోనూ అడిగేదే. "పూజల మావల్ల ఏమన్న తప్పు జరిగిందా తల్లీ?"

ఏటా దీనికి వచ్చే జవాబు నాకు నోటికి వచ్చు. తప్పులున్నయి గని నా బిడ్డలని ఓర్చుకున్న, అంటుంది. ఇవాళ అది రాలేదు.

"తప్పు జరిగింది. నా చేతులకు హద్దు లేకుంట చేసిండు ఒకడు. హద్దు వెట్టిన బిడ్డను మీరు తిట్టిన్రు. జల్‌పల్లిల నా బిడ్డల ఇండ్లు పోయినయి. తప్పు గోవర్ధన్‌ది. రాహేలుది గాదు."

దండాల బొమ్మలు, ఏడుపు బొమ్మలు. "అమ్మ చెప్పింది." "అమ్మనే చెప్పింది." "సారీ అక్కా."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచను. బస్తీ అంతటి ముందు నా పేరు కడిగేసినట్టయింది. ఆ వెంటనే ఒళ్లు మండిపోయింది. ఆ మాటలు అమ్మవారివి కావు. వాడు పొద్దున కూర్చుని టైప్ చేసి పెట్టినవి. మనిషి నోటితో చెప్పే ధైర్యం లేక అమ్మవారి నోట్లో పెట్టాడు. అడ్డూ అదుపూ లేని అధికారం ఇచ్చి బొక్క పెట్టిందీ అమ్మవారి పేరుతోనే, తప్పు ఒప్పుకునేదీ అమ్మవారి వెనక దాక్కునే.

రంగం ఆపేశాను.

తెర మీద పెద్ద అక్షరాలతో వచ్చింది: రాహేలు రంగాన్ని ఆపింది. ఇన్నాళ్లూ అమ్మ నోరు కట్టేశానని, నేను చేయని పనికి తిట్టారు. ఇప్పుడు అందరి కళ్లముందూ చేశాను. బాపు "ఏమైంది బిడ్డా" అంటున్నాడు. మైకు నొక్కాను.

"గోవర్ధన్. అమ్మ నోట్ల నీ మాటలు వెట్టకు. నీకు నోరున్నది గదా."

తర్వాత ఒక మైకు తెరుచుకుంది. ముందు కుక్కర్ విజిల్ వినిపించింది, కమలమ్మ "ఎవనితోరా" అనడం వినిపించింది. ఆ తర్వాత వాడి గొంతు.

"నేనే. మోడ్‌ల తప్పు నాదే. రాహేలు చెప్పింది నాకు, అప్పుడే చెప్పింది. ఎవరికి చెప్పద్దని నేనే అన్న. మీరు తిడ్తుంటె చూసుకుంట కూసున్న. జల్‌పల్లికి నేను చెప్పలె. చెప్పినని రాహేలుకు అబద్ధం చెప్పిన." ఆగాడు. "ప్రణీత్, నువ్వు అప్పుడే అడిగినవ్."

"అడిగిన అన్నా."

"నవ్విన."

"నవ్వినవ్. మా కాలనీ పోయింది అన్నా."

"పోయింది."

అంతే. ఇంకెవరూ క్షమించామనీ అనలేదు, తిట్టనూ లేదు. ఏం చేయాలో తెలియక అందరి బొమ్మలూ కదలకుండా నిలబడి ఉన్నాయి. చివరికి బుచ్చయ్య తాత గొంతు వచ్చింది.

"చాలు చెయ్యి బిడ్డా రంగం. అమ్మను ఎంతసేపు నిలవెడ్తవ్ కుండ మీద?"

మళ్లీ మొదలుపెట్టాను. ఆ ప్రశ్నకు పాత జవాబే పెట్టాను. తప్పులున్నయి గని నా బిడ్డలని ఓర్చుకున్న.

వాన మాత్రం పడలేదు. హక్కులు లేవు, పడదు. అందరూ అలా చూస్తుండగా ఒక బొమ్మ పాల బూత్ పైకప్పు ఎక్కి బకెట్టుతో నీళ్లు గుమ్మరించింది. శ్రీహిత. దాని వెనక ఇంకొకరు, తర్వాత వివేక్. చూస్తుండగానే జనమంతా మేడల మీదికెక్కి బకెట్లు గుమ్మరిస్తున్నారు. గల్లీ అంతా నీళ్లు. సోనీ బోనం తడిసిందని మైకులో అరుస్తోంది.

ఆ నీళ్లన్నీ రేపు తోడాల్సింది నేనే. ఒక్కరికైనా ఆ బుద్ధి ఉందా?

జూలై 14, సోమవారం

శ్రీహిత ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, ఆదివారం ముగ్గు వేయడానికి వస్తావా అక్కా అంది. చుక్కలు నువ్వు పెట్టు, కలపడం నేర్పిస్తానన్నాను.

జూలై 16, బుధవారం

గోవర్ధన్ దుకాణం ముందు నుంచి వెళ్లాను. వాడు చూశాడు, నేను చూడలేదు.

జూలై 22, మంగళవారం

బోనాలు అయిపోయాయి. ముగ్గులకు కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది. బాపు మోకాళ్లకు రాసుకునే మందే నేనూ రాసుకుంటున్నాను.

జల్‌పల్లి వాళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. కాపీలు తీసిపెట్టే పని ప్రణీత్ నాకు అప్పగించాడు. ప్రతి మోడ్‌నూ పెట్టే ముందు చూసే పని కూడా. జీతం లేదు, చాయ్ మాత్రం ఉందట.

గోవర్ధన్ వెళ్లి ప్రణీత్‌ను అడిగాడట, నాకు హక్కులియ్యి, కాలనీ మొత్తం ఒక్క దెబ్బకు లేపుతా అని. లేపగలడు కూడా. ప్రణీత్ ఇవ్వలేదు. "ఏ పర్మిషన్ లేదన్నా. అందరి లెక్క చేతులతోని కట్టు" అన్నాడట. సోనీ చెప్పింది, చెబుతూ చెబుతూ నవ్వింది కూడా.

రోజూ దుకాణం మూసి వచ్చాక వాడు జల్‌పల్లి సర్వర్‌లో అక్క ఇల్లు కడుతున్నాడు. ఒక్కో ఇటుక. అక్క పక్కన నిలబడి ఆర్డర్లు. వరండా అటు కాదు ఇటు, మెట్లు ఇంకా వెడల్పు. కట్టిందాన్ని కూలగొట్టి మళ్లీ కడుతున్నాడు, కిమ్మనడం లేదు. ఆడేవాళ్లకు కనిపించకుండా చాటు నుంచి చూసే హక్కు నాకుంది, కాపీలు తీసేది నేనే కాబట్టి. పని కోసమే చూస్తున్నాను.

ఇవాళ బాపు గది మొదలుపెట్టాడు. మెట్ల పక్కన గోడ వంకరగా లేపాడు. పైగా కిటికీ లేదు.

మేమిద్దరం మాట్లాడుకుని తొమ్మిది రోజులు. చూసి ఊరుకుందామనుకున్నాను. అక్క రేపు చూస్తుంది, అదే చెబుతుంది, నాకెందుకు అనుకున్నాను. ఇంతకుముందు ఎవరో ఒకరు చెబుతారులే అని ఊరుకుని ఏం బాగుపడ్డామో తెలుసు. వెంటనే మెసేజ్ పెట్టాను.

"నీ గోడ వంకర ఉన్నది. బాపు కిటికీ మర్చిపోయినవ్. పెద్దది అడిగిండు."

నీలం టిక్కులు పడ్డాయి. తెర వైపు చూశాను. వాడు ఆ వంకర గోడ పైనుంచి ఒక్కో ఇటుక తీసి కింద పెడుతున్నాడు.